మ్యాన్‌హోల్‌లోకి దిగాల్సింది పైపు, మనిషి కాదు
నమస్తే పథకం లబ్ధిదారులకు పాఠం: పని పద్ధతి మారేటప్పుడు ఏం తెలుసుకోవాలి, ఏం అడగాలి

జిల్లా సమాచార, పౌర సంబంధాల శాఖ



డ్రైనేజీ లైన్లు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే కార్మికుల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం, వాళ్లతో పని చేయించే జవాన్లు, మేస్త్రీలు, కాంట్రాక్టర్ల కోసం ఈ పాఠం తయారుచేశాం. చదవడం రానివాళ్లకు ఇంట్లో పిల్లలు చదివి వినిపించండి. ఒకేసారి కుదరకపోతే రెండు రోజులు చదవండి. కానీ 3వ భాగం మాత్రం ఈ రోజే చదవండి.

1. ముందుగా ఒక పెద్దాయన మాట

ఈమధ్య ఒక మున్సిపాలిటీలో శిక్షణ తరగతికి వెళ్లాను. కొత్తగా వచ్చిన జెట్టింగ్ మెషిన్‌ని చూపిస్తున్నారు. కుర్రవాళ్లంతా చుట్టూ మూగారు, ఫోన్లలో ఫొటోలు తీస్తున్నారు. ఒక పెద్దాయన మాత్రం దూరంగా చెట్టు కింద కూర్చున్నాడు. "మీరు రారా పెద్దయ్యా?" అని అడిగాను.

"ఇరవై ఏండ్ల సంది దిగుతున్న సార్. ఏ గల్లీల లైను ఎక్కడ వంకర తిరిగిందో నా కాళ్లకు ఎరుక. ఇప్పుడు ఆ బటన్లు చూస్తే నాకేం రాదన్నట్టే ఉంది" అన్నాడు.

ఆయనకు మెషిన్ అంటే భయం లేదు. ఇరవై ఏళ్లు నేర్చుకున్న పని ఒక్క రోజులో సున్నా అయిపోతుందేమో అన్నదే ఆయన బాధ. "మెషిన్ వస్తే నలుగురి పని ఇద్దరు చేస్తారు, మిగతా ఇద్దరి గతేంటి?" అన్నది దాని వెనకే వచ్చే రెండో బాధ. ఈ రెండూ న్యాయమైనవే. వీటికి జవాబు చెప్పకుండా "మెషిన్ వచ్చింది, ఇక మారండి" అంటే ఎవరూ మారరు. పైకి తల ఊపుతారు, అధికారి వెళ్లిపోగానే మళ్లీ మూత తీసి దిగుతారు. ప్రాణాలు పోయేది అక్కడే.

2. అసలు ఏం మారుతోంది?

ఇదివరకు వెదురు బద్దలు, గునపం, బకెట్టు, తాడు, ఒక మనిషి. ఇవే పనిముట్లు. ఇప్పుడు మూడు రకాల మెషిన్లు వస్తున్నాయి.

• జెట్టింగ్ మెషిన్: ఎక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టి, లైనులో అడ్డం పడినదాన్ని తోసేస్తుంది.
• సక్షన్ ట్యాంకర్: సెప్టిక్ ట్యాంకులో ఉన్నదాన్ని పైపుతో లాగేస్తుంది.
• పూడిక తీసే మెషిన్: మ్యాన్‌హోల్ అడుగున గట్టిపడిన సిల్టును బకెట్టు లాంటి కొక్కెంతో పైకి ఎత్తుతుంది.

"మా గల్లీలు ఇరుకు, పెద్ద బండి రాదు" అని చాలామంది అంటారు. నిజమే. హైదరాబాద్‌లోనూ ఇదే ఇబ్బంది వచ్చింది. అందుకే 2017లో అక్కడి జలమండలి ఇరుకు గల్లీల్లోకి పోయే 70 మినీ జెట్టింగ్ మెషిన్లను దింపింది. దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీ తోడ్పాటుతో వాటికి దళిత యువకులే యజమానులయ్యారు. 2019లో ఢిల్లీ జల్ బోర్డు ఇదే పద్ధతిలో 200 మెషిన్లు తెచ్చింది. కేరళలోని తిరువనంతపురంలో 2018లో బాండికూట్ అనే రోబోను మ్యాన్‌హోల్‌లోకి దింపడం మొదలుపెట్టారు.

ప్రభుత్వ కాగితాల్లో ఇప్పుడు 'మ్యాన్‌హోల్' బదులు 'మెషిన్‌హోల్' అని రాస్తున్నారు. పేరు మార్చడం తేలిక. చేతి అలవాటు మారడమే కష్టం.

3. అన్నిటికంటే ప్రమాదమైన రోజులు ఏవి?

మెషిన్ లేని రోజులకంటే, మెషిన్ వచ్చీ రాని రోజులతోనే జాగ్రత్తగా ఉండాలి. ఎందుకో చూడండి.

మెషిన్ వారానికి ఒక్కసారే మీ వార్డుకు వస్తుంది. మధ్యలో లైను పొంగుతుంది. జనం ఫోన్ చేసి తిడతారు. జవాను మీద ఒత్తిడి, జవాను నుంచి మీ మీద ఒత్తిడి. లేదా మెషిన్ పనిచేస్తూనే మధ్యలో ఆగుతుంది, పైపు ఇరుక్కుంటుంది. అప్పుడు పనిలో బాగా అనుభవం ఉన్న మనిషి అనే మాట ఒకటుంది: "ఒక్క నిమిషం, దిగి చూసొస్తా."

ఆ ఒక్క నిమిషమే చాలు. లోపల ఏముంటుందో తెలుసుకుందాం.

• కుళ్లిన గుడ్డు వాసన వచ్చే గ్యాస్ పేరు హైడ్రోజన్ సల్ఫైడ్. ఇది గాలికంటే బరువు, అందుకే అడుగున పేరుకుంటుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. "వాసన పోయింది, గ్యాస్ పోయినట్టే" అనుకుంటాం. నిజానికి అప్పుడే గ్యాస్ బాగా ఎక్కువగా ఉండొచ్చు.
• మీథేన్‌కు వాసన ఉండదు. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. అగ్గిపుల్ల గీసి, దీపం దింపి పరీక్ష చేసే పాత పద్ధతి అందుకే పనికిరాదు.
• మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం ఉంటుంది. 19.5 శాతం కంటే తగ్గితే ఆ చోటు ప్రమాదం కింద లెక్క. ఇంకా తగ్గితే అరిచే వ్యవధి కూడా ఉండదు, మనిషి కుప్పకూలిపోతాడు.
• మూత తీసి గంటసేపు వదిలేస్తే చాలదు. కాలు పెట్టి పూడికను కదిలించగానే అందులో ఇరుక్కున్న గ్యాస్ ఒక్కసారిగా పైకి వస్తుంది. "నిన్న దిగినా ఏం కాలేదు" అన్నమాట ఈ రోజుకు పూచీ కాదు.
• మూతికి గుడ్డ కట్టుకున్నా, మామూలు మాస్కు పెట్టుకున్నా అది దుమ్మును ఆపుతుందేమో గానీ గ్యాస్‌ను ఆపదు, ఆక్సిజన్ ఇవ్వదు.

ఒకరు పడిపోతే రెండోవాళ్లు కాపాడబోయి పడిపోతారు. 2015 నవంబర్‌లో కేరళలోని కోజికోడ్‌లో మన ఆంధ్ర నుంచి వెళ్లిన ఇద్దరు కార్మికులు మ్యాన్‌హోల్‌లో చిక్కుకున్నారు. అటుగా వెళ్తున్న ఒక స్థానిక ఆటోడ్రైవర్ వాళ్లెవరో తెలియకపోయినా కాపాడాలని దిగాడు. ముగ్గురూ చనిపోయారు. ఆయనది గొప్ప మనసు. కానీ మనసుతో గ్యాస్ ఆగదు.

నేను జర్నలిజం చదివి ట్రైనీగా పనిచేసిన రోజుల్లో ఇలాంటి వార్తే ఒకటి రాశాను. "ప్రమాదవశాత్తు ఊపిరాడక మృతి" అని నాలుగు లైన్లు. అప్పుడు అదే సరైన మాట అనుకున్నాను. ఆ పనికి ముందు గ్యాస్ చూశారా, తాడు కట్టారా, ఎవరు దిగమన్నారు అని నేను అడగలేదు. ఇప్పుడు మీకు ఈ పాఠం రాస్తూ అనుకుంటున్నా, అడగాల్సిన ప్రశ్నలు అవే. ఆ ప్రశ్నలు మనిషి దిగకముందే అడగాలి.

గుర్తుంచుకోండి: మెషిన్ ఆగితే పని ఆగాలి. మనిషి దిగకూడదు. లైను రేపు కూడా బాగుచేయొచ్చు.

4. "దిగను" అనే హక్కు మీకుంది

ఇది ఎవరో దయతో ఇచ్చింది కాదు. చట్టంలో ఉంది.

2013 చట్టం: చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించి, ఆ పని చేసినవాళ్లకు పునరావాసం కల్పించే ఈ చట్టం 2013 డిసెంబర్ 6 నుంచి అమల్లో ఉంది. రక్షణ సామగ్రి, భద్రత జాగ్రత్తలు లేకుండా మనిషిని డ్రైనేజీలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడం దీని ప్రకారం నేరం. మొదటిసారికి 2 ఏళ్ల వరకు జైలు లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే 5 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. ఇది మున్సిపాలిటీకే కాదు, కాంట్రాక్టరుకు, సెప్టిక్ ట్యాంకు కడిగించుకునే ఇంటి యజమానికి కూడా వర్తిస్తుంది. "నా ఇష్టంతోనే దిగుతున్నా" అని మీతో సంతకం పెట్టించుకున్నా నేరం నేరమే.

మరి ఎప్పుడూ దిగకూడదా? నిబంధనల్లో కొన్ని మినహాయింపులున్నాయి. మెషిన్ పెట్టడానికి వీల్లేని చోట మూత తొలగించడం, పెద్ద లైన్లను కలపడం, అడుగున బిగించిన మోటారు తీయడం, మ్యాన్‌హోల్‌ను తిరిగి కట్టడం లాంటివి. ఇవి కాక ఇంకేదైనా తప్పనిసరి పరిస్థితి వస్తే, కారణం రాసి స్థానిక సంస్థ ముఖ్య అధికారి అనుమతి ఇవ్వాలి. అనుమతి కాగితం మీద ఉండాలి. ఫోన్లో "కానివ్వండి" అంటే అది అనుమతి కాదు. అప్పుడు కూడా గ్యాస్ పరీక్ష చేయాలి, పూర్తి రక్షణ సామగ్రి ఇవ్వాలి, పని దగ్గర కనీసం ముగ్గురు ఉండాలి, వాళ్లలో ఒకరు సూపర్‌వైజర్ అయి ఉండాలి.

పరిహారం: కోలార్ బంగారు గనుల ప్రాంతంలో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి ఇలా చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని కోర్టు చెప్పింది. 2023 అక్టోబర్ 20న మరో కేసులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. శాశ్వత వైకల్యం వస్తే 20 లక్షలకు తగ్గకుండా, ఇతర వైకల్యానికి 10 లక్షలకు తగ్గకుండా ఇవ్వాలంది.

ఈ అంకెలు తెలిసి ఉండటం మంచిదే. కానీ 30 లక్షలు వచ్చిన ఏ ఇంట్లోనూ పోయిన మనిషి తిరిగి రాలేదు. కాగితం మీద హక్కుకంటే ముందు, పని దగ్గర నోటితో "దిగను" అనడం అలవాటు చేసుకోవాలి. ఒక్కరే అనలేకపోతే నలుగురూ కలిసి అనండి.

ఎలా అనాలి? కోపంగా అనక్కర్లేదు. ఇలా అనండి: "సార్, గ్యాస్ చూసే మీటరు తెప్పించండి. అనుమతి కాగితం చూపించండి. అప్పటిదాకా పైనుంచి చేయగలిగింది చేస్తాం." ఇంతకంటే గట్టి మాట లేదు.

5. పాత పని కొత్త పనికి ఎలా ఉపయోగపడుతుంది?

ఇప్పుడు మొదట చెప్పిన పెద్దాయన బాధకు వద్దాం. ఆయనకు ఏం రాదు అన్నది నిజం కాదు.

మెషిన్‌కు బలం ఉంది, కళ్లు లేవు. ఏ మూత దగ్గర మొదలుపెట్టాలి, నీళ్లు ఎటు పారతాయి, ఎక్కడ వేళ్లు లోపలికి చొచ్చుకొచ్చాయి, ఏ హోటల్ దగ్గర నూనె గడ్డకడుతుంది, ఏ గల్లీలో పాత ఇటుక లైను ఉంది, ఎక్కడ ఒత్తిడి ఎక్కువైతే పగులుతుంది. ఇవన్నీ ఏ పుస్తకంలోనూ లేవు. ఇరవై ఏళ్లు దిగినవాళ్ల దగ్గరే ఉన్నాయి. బటన్లు నొక్కడం కొన్ని రోజుల్లో వస్తుంది. ఈ తెలివి అన్ని రోజుల్లో రాదు.

కాబట్టి కొత్త పని నేర్చుకునేవాళ్లకు కొన్ని సూచనలు.

• మొదటి రోజే అన్నీ రావాలని అనుకోకండి. మొదట మెషిన్ ఆపడం నేర్చుకోండి. నడపడం తర్వాత. ఆపడం చేతికొస్తే భయం సగం పోతుంది.
• చూసి ఊరుకోకండి. చేయి పెట్టి చేయండి. చేసి చూపించి "ఇదేనా సార్?" అని అడగండి. అడిగితే చిన్నతనం కాదు.
• చదవడం రాకపోతే ఆ సంగతి చెప్పండి. మీటలకు రంగు గుర్తులు వేయించుకోండి. ఎరుపు అంటే ఆపు, ఆకుపచ్చ అంటే నడుపు. రంగుకు అక్షరాలతో పని లేదు.
• జెట్టింగ్ నీళ్లతో ఆటలొద్దు. ఆ ఒత్తిడి చర్మాన్ని కోసేస్తుంది. నాజిల్ లైను లోపలికి వెళ్లాకే ఒత్తిడి పెంచాలి, బయటికి తీసే ముందు ఆపాలి.
• బూట్లు, గ్లవుజులు మీ సైజువి అడగండి. వదులు బూటు జారిపడేస్తుంది. "వేడిగా ఉంది, పట్టు దొరకట్లేదు" అని కిట్టు ఇంట్లో దాచేవాళ్లు చాలామంది. సరిపోకపోతే మార్చమని అడగాలి, దాచకూడదు.
• ఒక మాట చెప్తా, తప్పుగా అనుకోకండి. ఆ వాసన తట్టుకోలేక మందు తాగి దిగే అలవాటు ఈ పనిలో చాలామందికి వచ్చింది. తప్పు వాళ్లది కాదు, ఆ పనిది. ఇప్పుడు దిగే పని లేదు. మెషిన్ దగ్గర మత్తులో ఉంటే మీ చేయి, పక్కవాడి చేయి పోతాయి. మానడం కష్టమైతే ప్రభుత్వ ఆసుపత్రిలో సాయం అడగండి.

6. జవాన్లకు, మేస్త్రీలకు, కాంట్రాక్టర్లకు

మనిషి మారడం లేదని విసుక్కునే ముందు, మారడానికి వీలు ఇచ్చామా అని చూసుకోవాలి.

ఒకటి: మెషిన్ రాకముందే చెప్పండి. ఎప్పుడొస్తుంది, ఎవరు నడుపుతారు, ఎవరి పని ఏమవుతుంది అని కూర్చోబెట్టి చెప్పండి. చెప్పకపోతే పుకార్లే చెప్తాయి.

రెండు: జోడీలు కట్టండి. లైను తెలిసిన పెద్దవాళ్లను, ఫోన్ వాడటం తెలిసిన కుర్రవాళ్లను కలిపి ఒక జట్టు చేయండి. ఒకరి కళ్లు, ఇంకొకరి చేతులు. కుర్రాడి ముందు పెద్దాయన్ను తక్కువ చేసి మాట్లాడొద్దు. ఒకసారి నవ్వితే ఆయన మళ్లీ మెషిన్ దగ్గరికి రాడు.

మూడు: శిక్షణ హాల్లో కాదు, వీధిలో పెట్టండి. తెర మీద బొమ్మలు చూపించి టీ ఇచ్చి పంపితే అది హాజరు పట్టీకి సరిపోతుంది. వాళ్లు రోజూ పనిచేసే గల్లీలో, వాళ్ల మెషిన్ మీద, వాళ్ల చేత చేయించండి. నెల తర్వాత మళ్లీ ఒకసారి చేయించండి.

నాలుగు: రోజూ పని మొదలుపెట్టే ముందు పది నిమిషాలు నిలబడి మాట్లాడుకోండి. ఈ రోజు ఏ లైను, గ్యాస్ మీటరు ఛార్జింగ్ ఉందా, పైపు ఎక్కడైనా చిరిగిందా, మెషిన్ ఆగితే ఎవరికి ఫోన్ చేయాలి.

ఐదు: పని ఆపినవాణ్ని శిక్షించకండి. "గ్యాస్ ఉంది, చేయను" అన్నవాడి హాజరు కోస్తే, రేపటి నుంచి ఎవరూ నోరు తెరవరు. మెషిన్ ఆలస్యమైతే ఫిర్యాదు చేసినవాళ్లకు "రేపు వస్తుంది" అని చెప్పే బాధ్యత జవానుది. ఆ తిట్లు కార్మికుడి మీదకు తోయకూడదు.

7. మరి జీతం? మరి పని?

ఇక రెండో బాధ. మెషిన్ వచ్చినంత మాత్రాన ఎవరి పనీ దానంతటదే భద్రం కాదు, దానంతటదే పోదు. మెషిన్ బండికి డ్రైవర్ కావాలి, ఆపరేటర్ కావాలి, పైపు పట్టేవాళ్లు, రోడ్డు మీద బండ్లను ఆపేవాళ్లు, లైను చూపించేవాళ్లు కావాలి. ఆ చోట్లలో బయటివాళ్లు వస్తారా, మీరే ఉంటారా అన్నది ఒక్కదాని మీద చాలా ఆధారపడి ఉంది: లిస్టులో మీ పేరుందా?

నమస్తే పథకం 2023-24లో మొదలైంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ, పట్టణ వ్యవహారాల శాఖ కలిసి నడుపుతున్నాయి. అమలు చేసేది జాతీయ సఫాయి కర్మచారీల ఆర్థిక, అభివృద్ధి సంస్థ. 2024 నుంచి చెత్త ఏరుకునేవాళ్లను కూడా ఇందులో చేర్చారు. ఇందులో ఉన్నవి:

• నమోదు: మున్సిపాలిటీ పెట్టే క్యాంపులో మీ వివరాలు తీసుకుంటారు. పర్మనెంటు ఉద్యోగులే కాదు, ఔట్‌సోర్సింగ్, కాంట్రాక్టు కార్మికులు, ప్రైవేటుగా సెప్టిక్ ట్యాంకులు కడిగేవాళ్లు కూడా నమోదు చేసుకోవచ్చు.
• రక్షణ కిట్టు, భద్రత మీద శిక్షణ.
• ఆయుష్మాన్ కార్డు: కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి వైద్యం.
• మెషిన్లు, వాహనాలు కొనడానికి సబ్సిడీ: ఒక్కరికి గరిష్ఠంగా 5 లక్షలు, గ్రూపుగా అయితే గరిష్ఠంగా 18.75 లక్షలు. మిగతాది బ్యాంకు రుణం.
• అత్యవసర పనులకు శిక్షణ పొందిన ప్రత్యేక జట్లు, వాటికి సామగ్రి.

లిస్టులో పేరు లేకపోతే వీటిలో ఏదీ మీ దగ్గరికి రాదు. చాలామంది "మేం ఈ పని చేస్తామని పిల్లలకు, చుట్టాలకు తెలుస్తుంది" అని పేరు ఇవ్వడం లేదు. ఆ నామోషీ నాకు అర్థమవుతుంది. కానీ సిగ్గుపడాల్సింది మనుషుల్ని అందులోకి దింపిన పద్ధతి, మీరు కాదు. పేరు ఇవ్వండి.

సొంతంగా బండి తీసుకోవాలనుకుంటే: ముందు పని ఉందో లేదో చూసుకోండి. మున్సిపాలిటీ నుంచి వర్క్ ఆర్డరు వస్తుందా, నెలకు ఎన్ని రోజుల పని, బిల్లు ఎన్నాళ్లకు ఇస్తారు అని రాతపూర్వకంగా అడగండి. కిస్తీ ఒక్కటే లెక్క వేయకండి. డీజిలు, నీళ్లు, డ్రైవర్ జీతం, పైపులు, నాజిళ్లు, బీమా కూడా కలపండి. బిల్లు రెండు నెలలు ఆలస్యమైనా కిస్తీ కట్టగలరా? ఈ ప్రశ్నకు "అవును" అని వచ్చాకే సంతకం పెట్టండి. మీ పేరుతో సబ్సిడీ తీసుకుని బండి తను నడుపుకుంటానని ఎవరైనా వస్తే ఒప్పుకోకండి. అప్పు మీ మీద ఉంటుంది, బండి వాళ్ల దగ్గర ఉంటుంది.

8. ఇంట్లోవాళ్లకు

అక్కలు, చెల్లెళ్లు, పెద్దవాళ్లు ఇది చదవండి. రాత్రిపూట "ఒక సెప్టిక్ ట్యాంకు ఉంది, రెండు వేలిస్తా రా" అని ఫోన్ వస్తే, పంపాలా వద్దా అన్నది ఇంట్లోనే తేలుతుంది. ఆ డబ్బు అవసరం ఎంతో మీకే తెలుసు. అయినా రెండు ప్రశ్నలు అడగండి: "మెషిన్ ఉందా? పక్కన ఎవరున్నారు?" మెషిన్ లేదంటే పంపకండి.

పని బట్టలు ఇంటి బట్టలతో కలపకండి. పుండ్లు, గాయాలు ఉంటే కట్టు కట్టి పంపండి. జ్వరం, ఒళ్లునొప్పులు, కళ్లు పచ్చబడటం కనిపిస్తే ఎలుకల మూత్రం వల్ల వచ్చే జ్వరం కావచ్చు. డాక్టరుకు చేసే పని ఏమిటో తప్పకుండా చెప్పండి. ధనుర్వాతం టీకా వేయించండి.

9. ఎక్కువగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: లోపల ఎవరైనా పడిపోతే ఏం చేయాలి?
జవాబు: దిగకండి. ముందే తాడు కట్టి ఉంటే పైనుంచి లాగండి. 101కు, 108కి లేదా 112కు ఫోన్ చేయండి. బ్లోయర్ ఉంటే మంచి గాలి లోపలికి కొట్టండి. నిప్పు, సిగరెట్టు దగ్గర పెట్టకండి. ఎవరైనా దూకబోతే పట్టుకుని ఆపండి.

ప్రశ్న: మా కాంట్రాక్టరు దిగమంటున్నాడు. ఎవరికి చెప్పాలి?
జవాబు: మున్సిపల్ కమిషనర్ ఆఫీసుకు, 14420 హెల్ప్‌లైన్‌కు చెప్పండి. తేదీ, చోటు, ఎవరు దిగమన్నారు అన్నది ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

ప్రశ్న: శిక్షణకు వెళ్తే ఆ రోజు కూలీ పోతుందా?
జవాబు: వెళ్లే ముందే మీ జవానును, మున్సిపల్ ఆఫీసును అడిగి తేల్చుకోండి. హాజరు వేయించుకోండి. ఒకరు కాదు, జట్టంతా కలిసి అడగండి.

ప్రశ్న: నాకు యాభై దాటాయి. ఇప్పుడు నేర్చుకోగలనా?
జవాబు: నేర్చుకోగలరు. మెషిన్ నడపడం ఇష్టం లేకపోతే లైను చూపించే పని, కొత్తవాళ్లకు నేర్పే పని అడగండి. మీ అనుభవం అక్కర్లేదని ఎవరూ అనలేరు.

10. ఈ వారం చేయాల్సినవి

• మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి నమస్తే లిస్టులో మీ పేరుందో లేదో చూసుకోండి. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు వెంట తీసుకెళ్లండి.
• ఆయుష్మాన్ కార్డు వచ్చిందా అని అడగండి.
• మీ జట్టులో గ్యాస్ మీటరు ఎవరి దగ్గరుంది, పనిచేస్తోందా అని చూడండి.
• "మెషిన్ ఆగితే పని ఆపుతాం" అని జట్టంతా ఒక మాట అనుకోండి.

చివరిగా, ఆ చెట్టు కింద కూర్చున్న పెద్దాయన సంగతి. మధ్యాహ్నం మెషిన్ పైపు ఒక చోట ముందుకు పోకుండా ఆగింది. కుర్రాళ్లు మళ్లీ మళ్లీ తోస్తున్నారు. ఆయన లేచి వచ్చాడు. "అక్కడ లైను కుడికి తిరుగుద్ది రా. వెనక్కి తీసి, కింది మూత కాడి నుంచి కొట్టు" అన్నాడు. అలాగే చేశారు, నీళ్లు కదిలాయి. ఇన్‌స్ట్రక్టరు ఆయన చేతికి పైపు ఇచ్చాడు. ఆ రోజు మూత దగ్గర నిలబడి ఆయన పని చేశాడు. లోపలికి ఎవరూ దిగలేదు.

ఈ పీడీఎఫ్‌ను మీ జట్టు గ్రూపులో పంపండి. ఫోన్ లేనివాళ్లకు చదివి వినిపించండి.

అత్యవసరం: 112 | అగ్నిమాపక: 101 | అంబులెన్స్: 108 | డ్రైనేజీ, సెప్టిక్ ట్యాంకు ఫిర్యాదులు: 14420